తగ్గిన దగ్గు

ఇంటర్ రెండో సంవత్సరం పిల్లలకు నత్రికామ్లం పాఠం చెప్పేటప్పుడు నేను ఉరుముల వాన దగ్గర మొదలుపెడతాను. మెరుపు మెరిసినప్పుడు గాలిలోని నైట్రోజన్, ఆక్సిజన్ కలిసి నైట్రోజన్ ఆక్సైడ్లు అవుతాయి. అవి గాలిలోని నీటి ఆవిరితో కలిసి నత్రికామ్లంగా మారి, వానతో నేలలోకి దిగుతాయి. ఉరుములతో వాన పడిన మర్నాడు వరి ఆకుమడి యూరియా వేసినట్టు పచ్చబడుతుందని మా వైపు రైతులు అంటారు. వాళ్లన్నది కొంత నిజమేనని చెబితే పిల్లలు సంతోషిస్తారు. అందరూ రాజాం చుట్టుపక్కల ఊళ్ల నుంచి బస్సుల్లో వచ్చేవాళ్లే. ఇంట్లో విన్న మాట పుస్తకంలో కూడా ఉందంటే వాళ్లకు పుస్తకం మీద కాస్త గౌరవం కలుగుతుంది. ఆ తర్వాత వాహనాల పొగ, ఫ్యాక్టరీల పొగ, ఆమ్ల వర్షం చెబుతాను. అక్కడికి నాలుగు మార్కుల ప్రశ్న పూర్తవుతుంది.

ఆక్సైడ్లు ఆమ్లంగా మారడానికి మేఘమే ఉండక్కర్లేదని, తడి ఎక్కడుంటే అక్కడ జరుగుతుందని కూడా చెబుతాను. పిల్లలు రాసుకుంటారు. ఆ తడి ఎక్కడెక్కడ ఉంటుందని ఇంతవరకూ ఎవరూ అడగలేదు. అడిగితే మా మావయ్య సంగతి చెప్పాల్సి వస్తుంది.

మావయ్య అంటే మా అమ్మకు తమ్ముడు. బస్సు కండక్టరుగా చేసి రిటైరయ్యాడు. మాది రాజాంకు దగ్గర్లోని పల్లె, మేము బాప్టిస్టు సంఘం వాళ్లం. మావయ్య ఆ సంఘానికి పెద్ద. అంతకంటే ముఖ్యంగా, ఆరాధనలో పాట ఎత్తేది ఆయనే. మైకు వచ్చాక కూడా మైకు పట్టుకోలేదు. బస్సు వెనక సీటు దాకా వినిపించేలా అరిచి అరిచి గొంతు అలా తయారైందని అమ్మ ఎగతాళి చేసేది. చరణం చివర ఆయన లాగే అక్షరంతో పాటు చిన్నప్పుడు మేమూ ఊపిరి బిగబట్టి పోటీపడేవాళ్లం. ప్రతిసారీ మేమే ఓడిపోయేవాళ్లం. మనిషి మంచివాడే, కానీ తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లు.

మా సంఘంలో సాక్ష్యం చెప్పడం అనే పద్ధతి ఉంది. దేవుడు తనకు చేసిన మేలును మనిషి లేచి నిలబడి అందరి ముందూ చెబుతాడు. జ్వరం తగ్గిందనో, కొడుక్కి ఉద్యోగం వచ్చిందనో, పోయిన గేదె దొరికిందనో చెబుతారు. అందరూ స్తోత్రం అంటారు. చెప్పినవాళ్లు కళ్లు తుడుచుకుని కూర్చుంటారు. నాకు ఇది ఇష్టమే. ఏ మీటింగులోనూ నోరు మెదపని ఆడవాళ్లు అక్కడ తడబడకుండా మాట్లాడతారు. అయితే ఒకసారి సాక్ష్యం చెప్పాక దాన్ని వెనక్కి తీసుకోవడమంటూ లేదు. తీసుకోకూడదని ఎవరూ చెప్పలేదు, ఎవరూ తీసుకోలేదు, అంతే.

ఏటా వరికోతలయ్యాక మాకు కోత పండుగ జరుగుతుంది. రైతులు వరి కట్టలు, గుమ్మడికాయలు, కోళ్లు తెచ్చి చర్చిలో పెడతారు, ఆరాధనయ్యాక వాటిని వేలం పాడతారు. ఆ రోజు కానుకలు పట్టే ఇత్తడి పళ్లేలు తళతళలాడాలి. ఎప్పుడో మిషనరీల కాలం నాటి పళ్లేలవి, బరువుగా ఉంటాయి. వాటిని చింతపండు, బూడిద పెట్టి తోమడం ఆడవాళ్ల పని. ఆ ఏడాది పండుగ దగ్గర పడుతుండగా తుఫాను కబురు వచ్చింది. కోసిన వరి చేలోనే ఉంది. ఆడా మగా అంతా పొలాలకు పరిగెత్తి పనలు కట్టి కుప్పలేసి టార్పాలిన్లు కప్పారు. పళ్లేలు అలాగే నల్లగా ఉండిపోయాయి.

మావయ్యకు అది చూసి చిన్నతనమనిపించింది. రాజాంలో ఆయనకు బంగారం పని చేసే స్నేహితుడు ఒకాయన ఉన్నాడు. నగ ఆసిడ్‌లో ముంచి తీస్తే ఎలా మెరుస్తుందో మావయ్య చాలాసార్లు చూశాడు. ఒక సీసాడు ఆసిడ్ అడిగి తెచ్చుకున్నాడు. అది నత్రికామ్లం, నీళ్లు కలపనిది. రెప్పపాటు ముంచి, తీసి నీళ్లలో వెయ్యాలని, ఆరుబయట చెయ్యాలని ఆ స్నేహితుడు గట్టిగానే చెప్పి పంపాడట. ఆ జాగ్రత్తలు చెప్పాడని మావయ్యే తర్వాత ఒప్పుకున్నాడు. స్నేహితుడి మీద మాట పడనివ్వలేదు.

ఆ శుక్రవారం చర్చిలో ఉపవాస ప్రార్థన పెట్టుకున్నారు, తుఫాను తప్పిపోవాలని. బయట ఆగని వాన. ఆరుబయట చేసే వీలు లేదు కాబట్టి మావయ్య ప్రసంగ వేదిక వెనకున్న చిన్న గదిలో ప్లాస్టిక్ టబ్బు పెట్టుకున్నాడు. జల్లు కొడుతోందని కిటికీ మూశాడు. వాసన వచ్చి ప్రార్థనకు ఆటంకం కాకూడదని తలుపు కూడా మూశాడు. ఆసిడ్ పోసి పళ్లేలు అందులో పెట్టాడు. అదే సమయానికి అవతల ప్రార్థన ముగిసి పాస్టరు గారు పాట అన్నారు. పాట ఎత్తాల్సింది మావయ్యే. రెప్పపాటు ముంచాల్సిన పళ్లేలను టబ్బులో వదిలేసి ఆయన బయటికొచ్చి పాట ఎత్తాడు. ఎత్తాక మధ్యలో వదిలి పోయే అలవాటు ఆయనకు లేదు, చరణాలన్నీ పాడాడు.

తిరిగి తలుపు తీస్తే గది నిండా గోధుమరంగు పొగ. ఎవరైనా అక్కడి నుంచే వెనక్కి వచ్చేస్తారు. మావయ్యకు పళ్లేలు గుర్తొచ్చాయి. కండువా ముక్కుకు అడ్డం పెట్టుకుని లోపలికి పోయి, వంగి, కర్రతో పళ్లేలు ఒక్కొక్కటీ బయటికి లాగి నీళ్ల బకెట్లో వేశాడు. ఆ పొగ గాలికంటే బరువైనది, కిందనే ఉంటుంది. వంగిన మనిషికి అందుతుంది.

బయటికొచ్చి తెరలు తెరలుగా దగ్గాడు. కళ్ల నుంచి నీళ్లు కారాయి. జనం చుట్టూ చేరి, తల మీద చేతులుంచి ప్రార్థన చేశారు. కాసేపటికి దగ్గు సన్నగిల్లింది, తర్వాత ఆగిపోయింది. మంచినీళ్లు తాగి మావయ్య అక్కడికక్కడే లేచి సాక్ష్యం చెప్పాడు. వాన వల్ల కాలేజీ ముందే వదిలేశారు కాబట్టి నేను సరిగ్గా ఆ సమయానికే చర్చి గుమ్మంలో గొడుగు ముడుస్తున్నాను. దేవుడు తన ఊపిరిని తిరిగి ఇచ్చాడని, విషం మింగినా హాని చెయ్యదన్న బైబిలు మాట తన పట్ల నెరవేరిందని ఆయన చెబుతుంటే అందరితో పాటు మా అమ్మ కూడా స్తోత్రం అంటోంది. నాకు ఇంకా ఏం జరిగిందో తెలీదు. వాసన మాత్రం తెలిసింది. మా ల్యాబులో రాగి ముక్కను నత్రికామ్లంలో వేసిన రోజు వచ్చే వాసన అది.

వెనక గదికి వెళ్లి చూశాను. తలుపు తెరిచి ఉంది. టబ్బులో నీలిపచ్చ నీరు, గోడ సున్నం మీద పసుపు మరక. బకెట్లో పళ్లేల అంచులు చెదలు తిన్నట్టున్నాయి, పూల చెక్కడం అంతా పోయింది. కొండ నాలుక్కి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు అయింది. కానీ పళ్లేల గురించి ఆలోచించే స్థితిలో లేను నేను.

ఇత్తడిలోని రాగికి ఆసిడ్ తగిలి వచ్చిన ఆ పొగ నైట్రోజన్ డయాక్సైడ్. మిరపకాయ ఘాటు లాగా గొంతులోనే మండి మనిషిని తరిమే రకం కాదు. నీటిలో తొందరగా కరగదు, అందుకే ముక్కులోనూ గొంతులోనూ ఉన్న తడికి చిక్కకుండా ఊపిరితిత్తుల అడుగు దాకా పోతుంది. అక్కడ తీరిగ్గా తడితో కలిసి ఆమ్లమవుతుంది. మేఘంలో జరిగేదే మనిషి లోపల జరుగుతుంది. మొదట వచ్చిన దగ్గు తగ్గుతుంది, మనిషి తేరుకున్నట్టే ఉంటాడు. కొన్ని గంటలు గడిచాక ఊపిరితిత్తుల్లో నీరు చేరడం మొదలవుతుంది. ఆలస్యమైతే బతకడు. దగ్గు తగ్గడం ఏమీ కాలేదనడానికి గుర్తు కాదు.

ఇదంతా మావయ్యకు చెప్పాను. అంత మంది ముందు చెప్పకుండా పక్కకు పిలిచి చెప్పాను, అప్పటికప్పుడు రాజాం ఆసుపత్రికి పోదాం అన్నాను. ఆయన నవ్వాడు.

"తగ్గిపోయిందే అమ్మీ. దేవుడు బాగు సేసినాడని అందరి ముందూ ఇప్పుడే కదా సెప్పేను. గంట తిరక్కుండా ఆస్పత్రికెల్తే ఆ మాట ఏటవుతాది?"

నాకు ఒళ్లు మండింది. ఆయన వాదన నాకు అర్థం కాలేదని కాదు, బాగానే అర్థమైంది, అందుకే ఎక్కువ మండింది. పాస్టరు గారితో చెప్పించాలని చూశాను. ఆయన మంచివాడు, చూపించుకుంటే తప్పేం లేదన్నారు. మావయ్య ఆయనకూ అదే సమాధానం చెప్పి, సైకిలు తోసుకుంటూ వానలో ఇంటికి పోయాడు. అమ్మతో మొత్తుకున్నాను. అమ్మ నా మొహం చూడకుండా, తగ్గిందంటున్నాడు కదా, తగ్గినోడిని పట్టుకుని ఏటి సేస్తావు అంది. ఆమె ఎప్పుడూ తమ్ముడిని తిట్టే మనిషి. ఆ రోజు ఎందుకో వెనకేసుకొచ్చింది. నాకు ఆశ్చర్యమేసినా దాని గురించి ఆలోచించలేదు.

పొద్దు వాలే వేళకు నేను ఉండబట్టలేక మావయ్య ఇంటికి వెళ్లాను. ఒకే వీధి. అత్త వాకిట్లోకి వచ్చి చెప్పింది, ఉపవాసం గడువు అయిపోయినా తినలేదని, పడుకోమంటే పడుకోవడం లేదని. లోపల మావయ్య మంచం అంచు మీద రెండు చేతులూ ఆనించి నిటారుగా కూర్చుని ఉన్నాడు. మామూలుగా ఉన్నట్టు కనిపించాలని నన్ను తుఫాను గురించి అడిగాడు. కళింగపట్నం దగ్గర తీరం దాటుతుందా అని. ఆ ఒక్క ప్రశ్నను మూడు ముక్కలు చేసి అడిగాడు. ముక్కకూ ముక్కకూ మధ్య మెడ దగ్గర గుంట లోపలికి పోతోంది. పెదవులు నేరేడు పండు తిన్నట్టున్నాయి. జలుబు అన్నాడు.

మళ్లీ రసాయన శాస్త్రం చెప్పి లాభం లేదని నాకు తెలుసు. గొంతు మామూలుగానే పెట్టి అడిగాను.

"మావా, ఒక్క పల్లవి ఎత్తు. ఒక్క ఊపిరిలో. పాడితే నేను ఇంటికెళ్లిపోతాను."

ఆయన నన్ను చూశాడు. పందెం కాసినట్టే మొండిగా చూశాడు. అత్త ఎందుకే అంటోంది. ఆయన గుండె నిండా గాలి పీల్చుకోబోయాడు, సగంలోనే ఆగిపోయింది. అయినా ఎత్తాడు. రెండో మాట దగ్గర గొంతు తెగిపోయింది, దగ్గు వచ్చింది, దగ్గుతో పాటు నురగ వచ్చింది, గులాబీ రంగులో. ఆయన దాన్ని అరచేతిలో చూసుకున్నాడు. ఆ మొహం నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుంది. చచ్చిపోతానన్న భయం కంటే పాట రాలేదన్న భయమే అందులో ఎక్కువ కనిపించింది.

"ఆటో పిలు" అన్నాడు.

రాజాంలో చూసిన డాక్టరు ఆక్సిజన్ పెట్టి, అక్కడ ఉంచడానికి లేదని అంబులెన్సులో శ్రీకాకుళం పంపాడు. తుఫాను గాలికి చెట్లు విరిగి రోడ్డు మీద పడి ఉన్నాయి. డ్రైవరు దిగి కొమ్మలు లాగుతుంటే నేనూ దిగి లాగాను. అత్త లోపల మావయ్య చెయ్యి పట్టుకుని ప్రార్థన చేస్తూనే ఉంది. ఆ ప్రార్థన మీద నాకు ఏ అభ్యంతరమూ కలగలేదు. శ్రీకాకుళంలో నేను ఏ ఆసిడ్, ఏ లోహం, ఎంత సేపు అన్నీ చెప్పాను. ఎక్స్‌రేలో రెండు ఊపిరితిత్తులూ దూది కూరినట్టు తెల్లగా ఉన్నాయి. ఇంకాస్త ఆలస్యమైతే చెప్పలేకపోయేవాళ్లమన్నారు. ఇలాంటి మాట డాక్టర్లు అందరితోనూ అంటారు, కానీ ఆ రోజు అది లాంఛనం కాదు.

మావయ్య బతికాడు. ఆసుపత్రిలో ఉన్నన్నాళ్లూ నాతో పెద్దగా మాట్లాడలేదు. మాస్కు ఉంది కదా అనుకున్నాను. మాస్కు తీశాక కూడా మాట్లాడలేదు. చూడ్డానికి వచ్చిన సంఘం వాళ్లు, దేవుడు కాపాడాడు అన్నప్పుడల్లా ఆయన తలుపు వైపు చూసేవాడు. కొందరు ఇది వేరే జబ్బేమో, ఆ పొగది అప్పుడే పోయింది కదా అన్నారు. అలా అనుకుంటే సాక్ష్యం సాక్ష్యంగానే ఉంటుంది, మనిషీ మనిషిగా ఉంటాడు. అది ఆయనకు అందించిన ఊతకర్ర. ఆయన పట్టుకుంటాడనే నేను అనుకున్నాను.

తడిసిన ధాన్యం ఆరబెట్టుకునే సరికి ఆలస్యమై, కోత పండుగ వాయిదా పడి, మావయ్య ఇంటికొచ్చాక జరిగింది. ఆసిడ్ అంచులు తినేసిన పళ్లేలనే ఆ రోజు వాడారు. పాట వేరే ఎవరో ఎత్తారు, కాస్త శ్రుతి తప్పింది. ఆడవాళ్ల వైపు చాపల మీద నేనూ అమ్మా పక్కపక్కన కూర్చున్నాం. సాక్ష్యాల సమయంలో మావయ్య లేచాడు. జనం ముందే స్తోత్రం అన్నారు, ఏం చెబుతాడో తమకు తెలిసినట్టే. ఆయన చెయ్యెత్తి ఆపాడు. ఊపిరి తీసుకోవడానికి ఆగుతూ ఆగుతూ చెప్పాడు.

"ఆ దినం నాను సెప్పిన సాచ్చికం తొందరపడి సెప్పినాను. దగ్గు తగ్గింది నిజమే. సాయంత్రానికి ఊపిరాడనేదు. మీకు సెప్పడానికి సిగ్గేసి ఇంట్లో కూకున్నాను. దేవుడి పేరు అడ్డమెట్టుకుని సచ్చిపోబోయినాను. తప్పు ఆయనది కాదు, నాది. మా మేనకోడలు లాక్కెల్లింది."

ఎవరూ స్తోత్రం అనలేదు. ఇలాంటి దానికి ఏం అనాలో మాకు అలవాటు లేదు. వేలానికి తెచ్చిన కోళ్లు మాత్రం మూల నుంచి కుయ్యిమంటున్నాయి. మావయ్య కూర్చున్నాడు. నిజం చెప్పాలంటే నాకు గర్వంగా అనిపించింది, ఆయన గురించి కొంత, నా గురించి కొంత. పాస్టరు గారు బైబిలు తెరవబోతుండగా నా పక్క నుంచి అమ్మ లేచింది.

అమ్మకు షుగరు చాలా ఏళ్లుగా ఉంది. రాత్రిళ్లు కాళ్ల మంటలతో బాధపడేది. ఆ ఏడాది ఈస్టరు ఆరాధనలో ఆమె లేచి, ప్రార్థనతో మంటలు పోయాయని సాక్ష్యం చెప్పింది. నేను మాత్రల వల్లేలే అని లోపల అనుకుని, బయటికి అందరితో పాటు స్తోత్రం అన్నాను. ప్రతినెలా ఆ మాత్రలు రాజాంలో కొని తెచ్చేది నేనే.

అమ్మ కొంగు సర్దుకుని, మావయ్య వైపు కాకుండా పాస్టరు గారి వైపు చూస్తూ మాట్లాడింది.

"నానూ ఈస్టరుకి సాచ్చికం సెప్పేను. మంటలు పోయిన మాట నిజమే. ఆ కాడ్నించి మాత్రలు మింగనేదు. నా కూతురు తెచ్చినవన్నీ బియ్యం డబ్బాలో దాసేను. బాగయిపోయిందని మీ అందరికీ సెప్పీసి మల్లీ మింగితే ఏటి బాగుంటాది అనుకున్నాను."

పాస్టరు గారు బైబిలు మూశారు. తగ్గినా తగ్గకపోయినా మందులు వేసుకోమని, ప్రార్థన మేమందరం చేస్తామని, ఇద్దరూ దేవుడి ఎదుట నిజం చెప్పారని, దానికి స్తోత్రం అనొచ్చని నెమ్మదిగా అన్నారు. అప్పుడు కొందరు స్తోత్రం అన్నారు. మగవాళ్ల వైపు నుంచి ఇంకెవరో లేవబోతున్నట్టు కదలిక వినిపించింది. నేను అటు చూడలేదు.

అమ్మ కూర్చుంది. నాకు కోపం రాలేదు, భయం వేసింది. కాళ్లు చూపించమన్నాను. ఇక్కడా అంది. ఇక్కడే అన్నాను. ఆమె చీర కుచ్చెళ్లు కాస్త పక్కకు తీసి, పాదాలు చాప అంచు మీదికి జరిపింది. కుడికాలు బాగానే ఉంది. ఎడమ బొటనవేలి అడుగున, చెప్పు ఒరిసే చోట, రూపాయి బిళ్లంత పుండు, చుట్టూ చర్మం నల్లబడి ఉంది. షుగరు ముదిరితే మొదట కాళ్లు మండుతాయి, ఆ తర్వాత స్పర్శే పోతుంది, మంటా పోతుంది. ఎప్పటి నుంచి అని అడిగితే ఏది అంది.

దాని పక్కన వేలితో గట్టిగా నొక్కాను. అమ్మ పాస్టరు గారి వైపు చూస్తూ, అప్పుడే మొదలైన పాటకు పెదవులు కదుపుతూ ఉంది. నేను నొక్కుతున్నట్టు ఆమెకు తెలియలేదు.